అరువు తివాచీ, అరువు ముక్కు

హరిబాబు ఆటో దిగి వచ్చి, గుమ్మం దగ్గర చుట్టి పెట్టిన తివాచీని రెండు చేతులతో ఎత్తబోయి, కరెంటు కొట్టినట్టు వెనక్కి గెంతాడు.

“పిన్నీ, ఇందులో ఏటి సుట్టినావు?”

“ఏటీ సుట్టలేదురా. ఉత్త తివాచీయే.”

“ఉత్త తివాచీకి ఇంత కంపేటి? లోపల గంపెడు నెత్తళ్ళు ఉన్నాయి, సూసుకో.”

నేను తివాచీ విప్పి నేల మీద పరిచాను. ఎర్రటి నేత, నీలం అంచు, మధ్యలో అరచేతులంత పువ్వులు. నెత్తళ్ళు కాదు కదా, ఆ చిన్న చేపల తోక ముక్క కూడా లేదు. హరిబాబు మాత్రం మెడలో తువ్వాలు తీసి ముక్కుకి కట్టుకున్నాడు.

“దీన్ని నా ఆటోలో ఎక్కించను పిన్నీ, ఏటనుకోకు. ఇది కార్తీకం. తెల్లారి లేస్తే అరసవల్లి గుడికెళ్ళే బేరాలే నాకు. ఈ కంపు సీటుకి పట్టిందంటే దేవుడు దిగొచ్చినా నా ఆటో ఎక్కడు.”

మా కోడలు తులసి వచ్చి వంగి వాసన చూసింది. “నాకేటీ రాలేదత్తా,” అంది. నేనూ చూశాను. ఏమీ రాలేదు. పక్కింటివాళ్ళని పిలిచాను. ఎదురింటివాళ్ళు పిలవకుండానే వచ్చారు. ఎనిమిది మందిమి వరసగా వంగి వాసన చూశాం. ఎనిమిది మందికీ బాగానే ఉంది. అప్పుడు నాకు గుండె జారింది. ఎందుకంటే హరిబాబు ఒక్కడే లోపలి ఊరివాడు, ఆ ఎనిమిది మందిమీ సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళమే. చేపల వాసన మా ముక్కులకి ఎక్కదు. మాకు అది గాలి.

ఆ తివాచీ మాది కాదు, పద్మకుమారిది. ఎచ్చెర్ల దాటాక ఒక ఊళ్ళో ఆమెది రైతుల ఇల్లు. మా ఆయన పోయాక నేను ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకున్న ఏడాది నుంచీ ఆ ఇల్లు నా వాడుక. ఈ ఇరవై ఏళ్ళలో ఆమె కొత్త కోడలి నుంచి ఇంటి యజమానురాలు అయింది కానీ, నన్ను చూడగానే “సూరప్పా, మంచినీళ్ళు తాగుతావా?” అని అడగడం మానలేదు. నా పేరు అప్పలసూరి. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమె నోట నేను సూరప్పని.

ఆమె అత్త గున్నమ్మగారు అలా కాదు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. నా గంప వీధి మలుపు తిరగగానే కొంగు ముక్కుకి పెట్టుకుని, “ఒసే సూరీ, ఆ మెట్టు కాడే ఆగు,” అనేది. ఆ మెట్టు మీదే బేరం చేసి, ఆ మెట్టు మీదే నీళ్ళు తాగి లేచి వచ్చేదాన్ని. ఆ పూట చేపల పులుసు మాత్రం అందరికంటే ముందు ఆవిడ కంచంలోనే పడాలి.

మా మనవరాలు సుహాసిని మొదటి పుట్టినరోజుకి తులసి పుట్టింటివాళ్ళు వస్తున్నారని, కింద పరచడానికి ప్లాస్టిక్ చాపలు తప్ప ఏమీ లేవని మాటవరసకి అన్నాను. పద్మకుమారి లోపలికి వెళ్ళి ఈ తివాచీ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. సాలూరులో లారీ నడిపే వాళ్ళ అన్న ఉత్తరాదికి లోడు వేసుకెళ్ళినప్పుడు కొని తెచ్చాడట. లోపలి నుంచి గున్నమ్మగారి గొంతు లేచింది.

“సేపలోళ్ళింటికి తివాచీ ఇస్తన్నావేటే? తిరిగొచ్చినాక దాని మీద మనం కూకోగలమా? పిల్లులు కూకోవాల!”

“కూకుంటాం అత్తా. వాసనొస్తే నన్నడుగు,” అంది పద్మకుమారి.

నా గురించి అలా పూచీ పడినవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు. ఇప్పుడు తివాచీ కంపుతో తిరిగి వెళితే పెద్దావిడ మాట నెగ్గుతుంది, పద్మకుమారి మాట పోతుంది. ఆ తర్వాత ఆమె మంచినీళ్ళు ఇచ్చినా నేను ఏ మొహంతో తాగను? పైగా ఆదివారం వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. కార్తీకమంతా ఆ ఇంట్లో చేప పేరు కూడా ఎత్తరు. శనివారానికల్లా తివాచీ అక్కడ ఉండాలి. ఆ రోజు బుధవారం.

తప్పు మాత్రం నాదే. పుట్టినరోజు ఆదివారం బాగా జరిగింది. కేకు కోశాం. మా పిల్ల ఆ తివాచీ మీద మూడు అడుగులు వేసి కూలబడింది. ఒక్క మరక పడకుండా కళ్ళలో వత్తులు వేసుకుని కాచాను. సోమవారం మధ్యాహ్నం దాన్ని చుట్టి అరుగు మీద పెట్టానో లేదో, తూర్పున నల్లగా కమ్మింది. ఒడ్డున ఇసకలో మా నెత్తళ్ళు సగం ఎండి ఉన్నాయి. మా దగ్గర చినుకు పడితే ముందు చేపలు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత మనం. చేతికి ఏది దొరికితే అది పట్టుకుని పరుగెత్తుతాం. పరదాలు, దుప్పట్లు, ఓసారి మా వీధిలో పెళ్ళికొడుకు పట్టుపంచె కూడా అలాగే పోయింది. ఆ సోమవారం నా చేతికి తివాచీ దొరికింది. నెత్తళ్ళ మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టేదాకా నాకు అది తివాచీ అని తట్టలేదు. తట్టాక కూడా, నిజం చెప్పాలంటే, నెత్తళ్ళు తడవలేదని సంతోషించాను.

రెండో తప్పు ఇంకా పెద్దది. మంగళవారం మంచి ఎండ కాసింది కదా అని దాన్ని తీసుకెళ్ళి నెత్తళ్ళ పక్కనే ఆరేశాను.

హరిబాబు ఎక్కించనని పోయాక, ఆ బుధవారమంతా సాంబ్రాణి వేశాను. బొగ్గుల మీద పొగ లేపి, తివాచీని దండెం మీద నుంచి గుడారంలా దించి, లోపల కుండ పెట్టాను. అది చాలదని సుహాసిని పౌడరు డబ్బా మొత్తం దులిపేశాను. సాయంత్రం ఇటు బేరం వచ్చి హరిబాబు మళ్ళీ ఆగాడు. తువ్వాలు కొంచెం జరిపి, మళ్ళీ కట్టేసుకున్నాడు.

“ఏటి పిన్నీ ఇది! సేపకి తలంటు పోసి, సాంబ్రాణేసి, పౌడరు రాసి పడుకోబెట్టినట్టున్నాది.”

తులసి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాసన మీద వాసన వేస్తే రెండు వాసనలే అవుతాయని అప్పటికి తెలిసింది.

గురువారం పొద్దున తులసి ఫోన్లో వెతికింది. “అత్తా, వెనిగరు పొయ్యమంటన్నారు. వంటసోడా జల్లమంటన్నారు.”

“ఎనిగరంటే ఏటే?”

“ఫ్రైడ్‌రైసు బండి మీద సీసాలో ఉంటాది సూడు, పుల్లగా.”

పులుపు అనేసరికి నా నెత్తిన నేనే కొట్టుకున్నాను. చేపలు కోశాక చేతులకి ఏం రాసుకుంటాం? చింతపండు. చేపల గిన్నెని దేనితో తోముతాం? చింతపండు. అత్తారింటికి వచ్చిన మొదటి రోజు నుంచీ చేస్తున్న పని, తివాచీ దగ్గరికి వచ్చేసరికి గుర్తు రాలేదు.

“సింతపండు నానబెట్టే,” అన్నాను.

“తివాచీకి సింతపండేటత్తా? పులుసు పెడతావేటి? పువ్వులన్నీ మరకలైపోతాయి.”

అదీ నిజమే. చింతపండు ముట్టుకోలేదు, నిమ్మకాయలు తెప్పించాను.

నిమ్మకాయలు తెచ్చిచ్చిన హరిబాబు ఇంకో మాట అన్నాడు. “ఏటి సేసినా ఈ ఒడ్డున సెయ్యకు పిన్నీ. ఇక్కడ గాలే సేపలు. రోడ్డు పక్కన సరుగుడు తోట కాడికి పట్టుకుపో.”

“మొయ్యగలనేట్రా? నువ్వేమో ఎక్కించనంటావు.”

వాడు కాసేపు బుర్ర గోక్కున్నాడు. “టాపు మీదయితే సరే. టాపు మీద భక్తులు కూకోరు.”

అలా పరదాలో చుట్టిన తివాచీ ఆటో నెత్తి మీద, నేనూ తులసీ పిల్లా లోపలా, తోటకి వెళ్ళాం. తోట కాపలా మనిషి నా దగ్గర చేపలు కొనేవాడే. వెదురు కంచె వాడుకోమన్నాడు.

ముందు కర్రతో కొట్టాం. ఇసక రాలింది, పౌడరు రాలింది, ఏ కాలందో తెలియని దుమ్ము రాలింది. తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మకాయలు పిండి, ముందు ఒక మూల తడిగుడ్డతో తుడిచి, రంగు దిగుతుందేమో చూశాం. దిగలేదు. అప్పుడు గుడ్డని బాగా పిండి, నూలు వాలు వెంట మెల్లగా తుడుచుకుంటూ పోయాం. తులసి బకెట్టు ఎత్తి గుమ్మరించబోతే ఆపాను. అంత మందంది నీళ్ళు తాగితే లోపల ఆరదు. చేపల కంపు పోయి ముక్కుడు కంపు వస్తుంది. సాయంత్రం ఆరాక వంటసోడా దట్టంగా జల్లి, చుట్టి, కాపలా మనిషి షెడ్డులో పెట్టి వచ్చాం. శుక్రవారం పొద్దున విప్పి దులిపాం.

హరిబాబు బేరానికి పోతూ ఆగి, దొర తనిఖీకి వచ్చినట్టు చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు.

“ఉన్నట్టూ ఉన్నాది. లేనట్టూ ఉన్నాది.”

“సరిగ్గా సెప్పరా!”

“సరిగ్గానే సెప్తన్నాను. పైన లేదు. కింద ఉన్నాది.”

తులసి నా వైపు చూసింది. “అత్తా, నెత్తళ్ళ మీద ఏ వైపు పడింది?”

అడుగు వైపు. చేపలకి తగిలింది అడుగు వైపయితే, మేం రోజంతా పువ్వుల వైపు తోమాం. పొలంలో కలుపుంటే గట్టు చెక్కినట్టయింది. మళ్ళీ నిమ్మకాయలు, మళ్ళీ గుడ్డ, మళ్ళీ సోడా. ఈసారి ఒకటికి రెండు సార్లు తుడిచాం. నా వేళ్ళు పులుపుకి మంటెక్కాయి. సుహాసిని ఒక నిమ్మ డిప్ప నోట్లో పెట్టుకుని మొహం ముడిచింది, మళ్ళీ ఇంకోటి అడిగింది.

శనివారం మధ్యాహ్నానికి తివాచీ ఫెళఫెళలాడేలా ఎండింది. హరిబాబు ఈసారి తువ్వాలు పూర్తిగా విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ చివర నుంచి ఈ చివరదాకా వాసన చూశాడు.

“పోయింది పిన్నీ! సుబ్బరంగా పోయింది. ఎక్కించు, లోపలే ఎక్కించు.”

నాకు అనుమానం వచ్చింది. “ఒరే, నాలుగు రోజులుగా పొద్దున్నా సాయంత్రం దీన్నే వాసన సూస్తన్నావు. నీ ముక్కు కూడా మా ముక్కులాగైపోలేదు కదా?”

వాడికీ అనుమానం వచ్చింది. తన చెయ్యి వాసన చూసుకున్నాడు. “ఏమో పిన్నీ. పొద్దున్న మా ఆవిడ అగరొత్తి వెలిగిస్తే నాకు తెలీలేదు.”

ఇక లాభం లేదని రోడ్డు మీదకి వెళ్ళి నిలబడ్డాను. యూనివర్సిటీ నుంచి కాబోలు, ఇద్దరు ఆడపిల్లలు స్కూటీ మీద వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

“అమ్మా, మీకు పుణ్యముంటాది. ఓపాలి ఈ తివాచీ వాసన సూసి ఎల్లండి.”

ముందున్న పిల్ల చుట్టూ చూసింది. “ఇదేదో ప్రాంకు వీడియో కదా? కెమెరా ఎక్కడుంది?”

“కెమెరా లేదు, ఏటీ లేదు. నా ముక్కు పని సెయ్యదు తల్లీ.”

వెనక పిల్లకి జాలేసింది. దిగొచ్చి వంగింది. “ఏం వాసనా లేదండీ. ఎండ వాసన. కొంచెం నిమ్మకాయ.”

“సేపలు?”

“చేపలెందుకుంటాయండీ తివాచీలో?” అని ఆ పిల్ల నా మొహం వైపు వింతగా చూసింది. ఆ వింత చూపుకి నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను.

తులసీ పిల్లా ఇంటికి నడిచారు. నన్ను పద్మకుమారి గుమ్మంలో దింపేసి హరిబాబు బేరాలకి పోయాడు. ఇల్లంతా కడిగి ముగ్గులు పెట్టి ఉంది. పద్మకుమారి ఎదురొచ్చి తివాచీ అందుకుని అరుగు మీద పరిచింది. పరిచి, ఒక్క క్షణం ఆగింది. ఎరుపు ఇంత ఎర్రగా ఉంటుందని ఆమెకీ తెలియదు.

గున్నమ్మగారు లోపలి నుంచి వచ్చింది. ముందు ముక్కు వచ్చింది, తర్వాత కర్ర వచ్చింది, ఆఖర్న మనిషి వచ్చింది. కర్ర మీద ఆనుకుని వంగి, తివాచీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

“వాసన లేదు,” అంది.

“లేదు కదా అత్తా!” పద్మకుమారి గొంతులో పండగ వచ్చింది.

“లేదంటే అసలేదీ లేదు. దీనికి దుమ్ము వాసనుండేది, కలరా ఉండల వాసనుండేది. అయన్నీ ఏవి? ఒసే సూరీ, ఊరికే ఎవులూ ఇంతలాగ తోమరు. ఏటి సేసినావు దీన్ని?”

“మర్యాద తెలిసిన మనిషత్తా. వాడుకున్న వస్తువు సుబ్బరం సేసి తెచ్చింది. అదీ తప్పేనేటి?”

నేను తల ఊపితే చాలు. పద్మకుమారి దారి వేసి మరీ చూపించింది. కానీ అడుగున మెత్తబడ్డ చేపలు పెట్టి పైన మంచివి పేర్చి అమ్మడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. కొన్నవాళ్ళకి ఇంటికెళ్ళాక ఎలాగూ తెలుస్తుంది. తెలియకపోయినా నాకు తెలుసు. పైగా నా కోసం పూచీ పడ్డ మనిషి చేత తెలియకుండా అబద్ధం ఆడించడం నాకు ఒప్పలేదు. చెప్పేశాను. వాన, నెత్తళ్ళు, సాంబ్రాణి, పౌడరు డబ్బా, అడుగు వైపు, స్కూటీ పిల్లలు, అన్నీ.

పౌడరు డబ్బా దగ్గర పద్మకుమారికి నవ్వు ఆగలేదు. గున్నమ్మగారు నవ్వలేదు. కర్ర కొసతో తివాచీ అంచు తిప్పి అడుగు వైపు చూసింది.

“పద్మా, రేపు దేవుడి పీట కాడ దీన్ని ఎయ్యకు,” అంది చివరికి.

నా తల వాలిపోయింది.

“సుట్టాలు కూకున్న కాడ ఎయ్యి. నువ్వెల్లి వంటింటి పని సూడు. సూరీ, నువ్విలగ రా.”

“ఎక్కడికి పెద్దమ్మగోరూ?”

“లోపలికే. కాళ్ళు లేవేటి?”

మెట్టు దాటాను. నడవ దాటాను. ఇరవై ఏళ్ళలో ఆ ఇంటి లోపల నేను చూడని గదులు అటూ ఇటూ వెళ్ళిపోతున్నాయి. ఆవిడ తన గది తలుపు తీసి, నేను లోపలికి రాగానే మళ్ళీ దగ్గరగా వేసింది.

“సేపల వాసన నీకు తెలీదన్నావు. మిగతాయి తెలుస్తాయా?”

“తెలుస్తాయి.”

“అయితే సెప్పు.”

చెప్పాల్సిన పని లేదు. గుమ్మంలోనే నా ముక్కుకి తగిలింది. మంచం పక్కన పాత జంపకానా ఒకటి పరిచి ఉంది. దాని మీద వట్టివేళ్ళ కట్టలు రెండు పెట్టారు ఎవరో. అయినా మూత్రం వాసన వాటిని దాటి వస్తోంది. నేను జంపకానా వైపు చూసి, గోడ వైపు చూసి, కిటికీ వైపు చూశాను.

“నీళ్ళు నమలకే. ఇందాక అబద్దమాడితే నీకు మంచిదైన కాడ నిజం సెప్పినావు. అందుకే నిన్నడుగుతన్నాను. పద్మనడిగితే, లేదత్తా, ఏటీ లేదత్తా అంటాది. అది మంచిది. మంచోళ్ళతో ఇదే సిక్కు.”

“వస్తంది పెద్దమ్మగోరూ. బాగానే వస్తంది. ఈ జంపకానాలోంచి.”

ఆవిడ మంచం మీద కూర్చుంది. తెల్లబోయిందనుకున్నాను. కాదు, ఎప్పటి నుంచో మోస్తున్న బరువు దింపుకున్నట్టు ఊపిరి వదిలింది.

“నాకు తెలీదే. ఒట్టు. మనవరాలు అరుణశ్రీ ముందు నా పక్కలోనే పడుకునేది. ఇప్పుడు గుమ్మం కాడ నిలబడి, మామ్మా బాగున్నావా అని ఎల్లిపోతాది. ఎందుకా అని రెండు నెల్లు ఆలోసించినాను. రాత్రేళ కాలు పట్టీసి మంచం దిగీసరికి ఆలీసమైపోతన్నాది. అదీ సంగతి.” కర్ర నేల మీద రెండు సార్లు కొట్టింది. “దీనికి నిమ్మకాయ పని సేస్తాదా?”

“సేస్తాది. సోడా ఎక్కువ పడతాది. రెండు మూడు ఎండలు గావాల. ఒక్కపాలికి పోదు.”

“రేపు సుట్టాలొస్తారు.”

“ఈయాల సగం పోతాది. మిగతాది సోమారం నానొచ్చి సూస్తాను.”

“మెట్టు కాడ ఆగిపోకు మరి. తిన్నగా వచ్చీ.” ఆవిడ మంచం మీద కొంచెం జరిగింది. “కూకో.”

“కూకుంటే పొద్దు దిగిపోతాది పెద్దమ్మగోరూ. ఎండ ఇంకో రెండు గంటలే ఉన్నాది.”

జంపకానా చుట్టడం మొదలుపెట్టాను. నూలుదే గానీ పెద్దది, ఒక్కదాన్నే లేపలేకపోయాను. తులసిని తీసుకురావాల్సింది అనుకుంటూ ఉండగానే అవతలి చివర పైకి లేచింది. గున్నమ్మగారు కర్ర మంచానికి ఆనించి, ఆ చివర పట్టుకుంది.

“పెరటి దారిన పద. పద్మ సూడకూడదు,” అంది గుసగుసగా.

పశువుల సాల పక్కన రాళ్ళ కట్టు మీద మంచి ఎండ ఉంది. అక్కడికి వెళ్ళాలంటే వంటింటి కిటికీ దాటాలి. ఆవిడ అడుగుకి ఒకసారి ఆగుతూ, నేను ఆవిడ కోసం ఆగుతూ, ఇద్దరం జంపకానా మధ్యలో వేలాడేసుకుని మెల్లగా నడిచాం. సరిగ్గా కిటికీ ఎదురుగా వచ్చేసరికి పద్మకుమారి తలెత్తి మమ్మల్ని చూసింది. అత్తగారిని చూసింది, నన్ను చూసింది, మా మధ్యన ఉన్నదాన్ని చూసింది. వెంటనే అటు తిరిగి, ఇంకా వెలిగించని పొయ్యి మీది గిన్నెలో గరిటె తిప్పడం మొదలుపెట్టింది.